కుట్లు మానేదాకా: బాలింత ఓర్చుకోవాల్సిందెంత, చెప్పాల్సిందెంత

తల్లిగారింట్లో ఉన్న బాలింతను చూడడానికి ఊళ్ళోవాళ్ళు వస్తారు. బిడ్డ బరువెంత, ఎవరి పోలిక, పాలు సరిపోతున్నాయా అని అడుగుతారు. "నీ కుట్లెట్లున్నయ్ బిడ్డా?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఎవరూ అడగరు కాబట్టి ఆమె చెప్పదు. చెప్పబోయినా "గింతదానికే గట్లంటే ఎట్ల, మేం అయిదుగురిని కనలేదా?" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, ధైర్యం చెప్పాలన్న తపన కూడా ఉంది. కానీ అది విన్న పిల్ల ఆ రోజు నుంచి పళ్ళ బిగువున నొప్పి దాచుకుంటుంది. అలా దాచుకుంటే మామూలు నొప్పేదో, ప్రమాదపు నొప్పేదో ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది.

కాన్పు తర్వాత నొప్పి రావడం సహజమే. అలాగని దాన్ని మూగగా భరించాల్సిన పని లేదు. చాలావరకు బాధను ఇంట్లో ఉన్న వస్తువులతోనే తగ్గించుకోవచ్చు. మిగిలినదాన్ని సరైన మనిషికి, సరైన రోజున, దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఈ అధ్యాయంలో ఈ రెండు పనులూ నేర్చుకుందాం.

అమ్మ కాన్పు వేరు, కూతురి కాన్పు వేరు

నిజామాబాద్ జిల్లాలో చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద వయసు ఆడవాళ్ళను అడిగితే, తమ కాన్పులు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా అయ్యాయని చెబుతారు. ఇప్పుడు నొప్పులు మొదలైతే బోధన్ ఆసుపత్రికో, నిజామాబాద్ పెద్దాసుపత్రికో, బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికో, లేదంటే ప్రైవేటు నర్సింగ్ హోముకో బయలుదేరుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వందలో దాదాపు 61 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే ఆ లెక్క 21.5 శాతమే.

అంటే ఈ తరం బాలింతల్లో ఎక్కువమంది పొట్ట మీద కోతతో ఇంటికొస్తున్నారు. మామూలు కాన్పు అయినవాళ్ళలోనూ చాలామందికి కింద కుట్లు పడుతున్నాయి. ఇంట్లో సలహా చెప్పే అమ్మకు, అమ్మమ్మకు బాలింత సేవలో గొప్ప అనుభవం ఉంటుంది కానీ, పొట్ట కోసి కుట్టిన మనిషిని చూసుకున్న అనుభవం ఉండకపోవచ్చు. పెద్దల మాట తీసిపారేయాల్సిన పని లేదు. అందులో ఏది ఈ కాన్పుకు పనికొస్తుందో వేరు చేసుకుంటే చాలు.

లోపల ఏం జరుగుతోంది

బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచి బరువు సుమారు ఒక కిలో ఉంటుంది. ఆరు వారాల్లో అది 60, 70 గ్రాములకు తగ్గిపోతుంది. అంత పెద్ద కండరం అంత త్వరగా ముడుచుకుంటుంటే నొప్పి పుట్టడంలో వింత లేదు. పొత్తికడుపులో పిండేసినట్టు వచ్చే ఈ నొప్పి బిడ్డ రొమ్ము పట్టినప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. పాలు దిగడానికి సాయపడే ఆక్సిటోసిన్ హార్మోనే గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది. అందుకే "పాలిస్తే కడుపు గుంజుతుంది" అని బాలింత అంటే భయపడాల్సిన పని లేదు, ఒళ్ళు తన పని తాను చేసుకుంటోందని అర్థం. మొదటి కాన్పు కంటే రెండు, మూడు కాన్పుల్లో ఈ నొప్పి ఎక్కువ. సాధారణంగా వారం లోపు తగ్గిపోతుంది. పాలివ్వడానికి ముందు మూత్రానికి వెళ్ళి వస్తే కొంత తేలిక, ఎందుకంటే నిండిన మూత్రసంచి గర్భసంచిని సరిగా ముడుచుకోనివ్వదు.

కాన్పు తర్వాత మైల రక్తం పోవడం కూడా ఒక క్రమంలో సాగుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, ఆ తర్వాత పది రోజుల దాకా గోధుమ, గులాబీ రంగుల్లో, చివరికి పసుపు కలిసిన తెలుపుగా మారుతూ నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగిపోతుంది. తగ్గిన ఎరుపు మళ్ళీ ఎక్కువైతే ముందుగా ఆ రోజు ఎంత పని చేశారో గుర్తు చేసుకోండి. బట్టలు ఉతకడం, నీళ్ళ బిందె ఎత్తడం లాంటివి చేసి ఉంటే వెంటనే మానేసి పడుకోండి. పడుకున్నా తగ్గకపోతే ఆసుపత్రికి చెప్పండి.

కింది కుట్లు

కాన్పులో చర్మం చీలినా, డాక్టరు కోత పెట్టినా, వేసే కుట్లు సాధారణంగా వాటంతట అవే కరిగిపోయే దారంతో వేస్తారు. నొప్పి మొదటి వారం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో బాగా తగ్గుతుంది. ఈ లోపు చేసుకోవాల్సినవి ఇవి.

మొదటి రెండు మూడు రోజులు చల్లదనం మేలు చేస్తుంది. ఐస్ ముక్కలను శుభ్రమైన మెత్తటి బట్టలో చుట్టి పది, ఇరవై నిమిషాలు కుట్ల దగ్గర పెట్టుకోండి. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన బాలింత సంరక్షణ సూచనల్లోనూ ఈ పద్ధతి ఉంది. "బాలింతకు చల్లది తగలొద్దు" అని పెద్దవాళ్ళు అడ్డుపడవచ్చు. ఒళ్ళంతా చల్లబరచడం లేదనీ, వాచినచోట మాత్రమే కాసేపు పెడుతున్నామనీ నచ్చజెప్పండి.

ఒక రోజు గడిచాక గోరువెచ్చని నీళ్ళతో పని. బిడ్డ స్నానానికి కొన్న ప్లాస్టిక్ టబ్బు కాకుండా వేరే వెడల్పాటి టబ్బు తీసుకుని సబ్బుతో కడగండి. నాలుగు వేళ్ళ లోతు గోరువెచ్చని నీళ్ళు పోయండి. మోచేతితో తాకి చూస్తే హాయిగా అనిపించేంత వేడి చాలు. అందులో పది, పదిహేను నిమిషాలు కూర్చోండి. డెట్టాల్, ఉప్పు, పటిక ఏవీ కలపనక్కర్లేదు. లేచాక మెత్తటి బట్టతో అద్దుకోండి, రుద్దకండి. రోజుకు రెండు మూడు సార్లు చేస్తే కూర్చోవడం, లేవడం సులువవుతుంది. దిగేటప్పుడు, లేచేటప్పుడు ఒకరి చెయ్యి ఆసరా ఉండాలి.

మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే, పోస్తూనే చెంబుతో గోరువెచ్చని నీళ్ళు కుట్ల మీదుగా జారవిడవండి. కడుక్కునేది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చండి. బట్ట వాడేవాళ్ళు దాన్ని ఉతికి ఎండలో ఆరేయాలి. సిగ్గుపడి మంచం కింద, చీర చాటున ఆరేస్తే తడి ఆరదు, పుండుకు చేటు. మార్చే ముందూ మార్చిన తర్వాతా సబ్బుతో చేతులు కడగాలి. వియన్నా ఆసుపత్రిలో 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు కాన్పు చేసేవాళ్ళ చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించగానే బాలింత జ్వరంతో చనిపోయే తల్లుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. మన ఇళ్ళలో పురుడు తీరేదాకా బాలింతను విడిగా ఉంచే అలవాటుకు ఇప్పటికీ ఒక ఉపయోగం ఉంది. ఆమెను ముట్టుకునే చేతులు తక్కువ, ఆమెకు విశ్రాంతి ఎక్కువ. ఆ చేతులు సబ్బుతో కడిగినవై ఉంటే చాలు.

కూర్చునేటప్పుడు బాసింపట్టు వేసి ఎక్కువసేపు ఉండొద్దు, కుట్ల మీద లాగుడు పడుతుంది. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకోండి. నేల మీద కూర్చుని లేవడం కంటే గట్టి మంచం, కుర్చీ నయం.

పొట్ట మీద కుట్లు

ఆపరేషన్ అయినవాళ్ళు కదలకుండా పడుకుంటేనే కుట్లు మానతాయని అనుకుంటారు. నిజానికి మరుసటి రోజుకల్లా మంచం దిగి నాలుగడుగులు వేయించాలని డాక్టర్లు చూస్తారు. నడిస్తే పేగులు కదులుతాయి, గ్యాస్ పోతుంది, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

మంచం మీద నుంచి లేవడానికి ఒక పద్ధతి ఉంది. వెల్లకిలా ఉన్నవాళ్ళు నేరుగా లేవకండి. మోకాళ్ళు ముడవండి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిరగండి, కాళ్ళు మంచం కిందికి జార్చండి, మోచేతి మీద బరువు వేసి లేవండి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు ఒక దిండును కుట్ల మీద అదిమి పట్టుకోండి. పాలిచ్చేటప్పుడు బిడ్డను పొట్ట మీద కాకుండా చంక కింద, పక్కగా పట్టుకుంటే కోత మీద బరువు పడదు. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తకండి. నీళ్ళ బిందె, బియ్యం మూట, రెండేళ్ళ పెద్దపిల్ల, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

స్నానం చేశాక కోతను మెత్తగా అద్ది గాలికి ఆరనివ్వండి. పసుపు పంటకు, పసుపు మార్కెట్టుకు పేరుపడిన జిల్లా మనది. ఇంట్లో మంచి పసుపు ఉంటుంది, పుండు మీద అద్దాలని చెయ్యి ఊరుకోదు. అద్దకండి. పసుపు, పౌడరు, బూడిద, నూనె ఏదైనా సరే, మానుతున్న కోత మీద మురికితో సమానం. పసుపును పాలలో వేసుకుని తాగండి.

కోత చుట్టూ మొద్దుబారినట్టు, దురదగా ఉండడం కొన్ని నెలలు సాగవచ్చు. నడుముకు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే జన్మంతా నడుం నొప్పి వస్తుందన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. సూది పడినచోట కొద్ది రోజులు సలుపు ఉండవచ్చు కానీ, నెలల తరబడి సాగే నడుం నొప్పికి ఎక్కువగా కారణం సాగిపోయిన పొట్ట కండరాలు, వంగి పాలిచ్చే భంగిమ. వీపుకు దిండు ఆనించి, ఒళ్ళో ఇంకో దిండు పెట్టి, బిడ్డనే రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి. అయితే కూర్చుంటే పగిలిపోయేలా, పడుకుంటే తగ్గేలా తలనొప్పి వస్తే అది మత్తు సూది వల్ల కావచ్చు. ఆసుపత్రికి చెప్పండి, దానికి చికిత్స ఉంది.

నొప్పి మాత్ర

పారాసిటమాల్ పాలిచ్చే తల్లులు వాడదగిన మందు. డాక్టరు రాసిన మోతాదులో, నొప్పి ముదిరాక కాకుండా వేళకు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిదికి మించకూడదు. బక్కపలచగా ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువే. "మాత్రలేస్తే పాలు పాడైతయ్" అని ఎవరైనా అంటే, మీరు పాలిస్తున్నారని రాసిన డాక్టరుకు తెలుసని చెప్పండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర పేరు తెలియని నొప్పి సూదులు మాత్రం వేయించుకోకండి. ఆస్పిరిన్ జోలికి పోకండి.

రొమ్ముల నొప్పి

మూడో రోజుకో, నాలుగో రోజుకో పాలు పడి రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. మందు బిడ్డ దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా, రాత్రిపూట కూడా పట్టించండి. మరీ బిగిసి బిడ్డ నోటికి అందకపోతే ముందుగా చేత్తో కొద్దిగా పిండి మెత్తబరచండి. పాలిచ్చాక చల్లటి తడిబట్ట వేసుకుంటే సలుపు తగ్గుతుంది.

చనుమొనలు చిట్లాయంటే చాలావరకు బిడ్డ పట్టు సరిగా లేదన్నమాట. బిడ్డ నోరు పెద్దగా తెరిచాక, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎక్కువగా నోట్లోకి వెళ్ళాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. నొప్పిగా ఉంటే లాగేయకండి. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి, మళ్ళీ పట్టించండి. పాలిచ్చాక రెండు చుక్కల పాలు మొనకే రాసి ఆరనివ్వండి.

రొమ్ములో ఒక పక్క ఎర్రగా, వేడిగా, గడ్డలా తయారై చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే చూపించుకోండి, ఆ రొమ్ము నుంచి పాలివ్వడం మాత్రం ఆపకండి. ఆపితే పాలు నిలిచి బాధ ముదురుతుంది.

నీళ్ళు, పప్పు: అసలు చిక్కు ఇక్కడే

కుట్లున్న బాలింత ఎక్కువగా భయపడేది విరేచనానికి. కూర్చుంటే కుట్లు ఊడిపోతాయేమోనని ఆపుకుంటుంది. ఆపుకున్నకొద్దీ మలం గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ముక్కాలి, ముక్కితే నొప్పి, మొలలు. ఇంటి పథ్యం దీనికి తోడవుతుంది. "నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లకు చీము పడుతుంది", "పప్పు తింటే చీము", "ఆకుకూర బిడ్డకు పడదు" అంటూ కారం మెతుకులతో, గుక్కెడు నీళ్ళతో రోజులు గడిపిస్తారు.

నీళ్ళ వల్ల చీము పట్టదు, పప్పు వల్లా పట్టదు. చీము క్రిముల వల్ల పడుతుంది. పాల కోసమూ, మలం మెత్తగా రావడానికీ నీళ్ళు కావాలి. చీలిన కండ పూడడానికి పప్పు, గుడ్డు, పాలు, మాంసం కావాలి. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్ళు పెట్టుకుని తాగేయండి. మరిగించి చల్లార్చినవైతే పెద్దలకూ అభ్యంతరం ఉండదు. ఈ ప్రాంతంలో ఇంటింటా చేసే జొన్న రొట్టె, దాని పక్కన మెంతికూర పప్పు, పెరుగు, ఒక అరటిపండు, బాలింతకు ఇంతకంటే మంచి భోజనం వెతకనక్కర్లేదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. 2015 నుంచి ఉన్న పథకమిది, వదులుకోకండి.

విరేచనానికి కూర్చున్నప్పుడు శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద అదిమి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. ముక్కడం వల్ల సాధారణంగా కుట్లు ఊడవు. ఇంట్లో కమోడ్ ఉంటే మొదటి వారాలు అదే వాడండి. మూడు రోజులైనా కాకపోతే మెత్తబరిచే మందు రాయమని అడగండి. ప్రసవం తర్వాత 180 రోజులు వేసుకోమని ఇచ్చే ఐరన్ మాత్రలు కొందరికి మలబద్ధకం చేస్తాయి, మలం నల్లగా వస్తుంది. ఆ భయంతో మాత్రలు మానకండి, నీళ్ళు పెంచండి.

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలుగా పడటం చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు. మూత్రాన్ని మధ్యలో ఆపడానికి ఏ కండరాలు బిగిస్తామో వాటినే బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. పడుకుని చేసినా, పాలిస్తూ చేసినా ఎవరికీ తెలియదు. నిజంగా మూత్రం పోస్తూ మధ్యలో ఆపే సాధన మాత్రం చేయొద్దు. కాన్పైన ఆరు గంటలకూ మూత్రం రాకపోయినా, గ్యాస్, మలం అదుపు తప్పుతున్నా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇంటి పద్ధతులు: ఉంచుకునేవి, వదిలేవి

బాలింతకు నలభై రోజుల విశ్రాంతి మన దగ్గరే కాదు, మెక్సికోలోనూ ఉంది. చైనాలో నెల రోజులు గడప దాటనివ్వరు. ఇన్ని దేశాల ఆడవాళ్ళు విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చారంటే ఆ విశ్రాంతిలో విలువ ఉన్నట్టే.

వేన్నీళ్ళ స్నానం, వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్ళు ఒళ్ళు నొప్పులకు హాయినిస్తాయి, ఉంచుకోండి. కానీ ఎత్తు నుంచి మరిగే నీళ్ళు పొట్ట మీద, కుట్ల మీద కొట్టకూడదు. సొంఠి, మిరియాలు, వాము, బెల్లం కలిపిన కాయం ముద్ద ఉసిరికాయంత తింటే తప్పు లేదు. అదే భోజనం కాకూడదు. నడికట్టు నడుముకు ఆసరాగా వదులుగా కడితే సుఖం. ఊపిరాడనంత బిగిస్తే కింది కండరాల మీద ఒత్తిడి పడుతుంది. పొట్ట లోపలికి పోవడం కట్టుతో జరగదు, కాలంతో జరుగుతుంది.

మంచం కింద నిప్పుల కుంపటి, తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ మానేయండి. పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు చేటు, మూసిన గదిలో బొగ్గుల నిప్పు తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పు. ముర్రుపాలు పిండి పారబోయడం, కుట్ల మీద పసుపు అద్దడం, నీళ్ళు ఆపడం కూడా వదిలేసే జాబితాలోవే.

మళ్ళీ చాట ముందుకు ఎప్పుడు?

బోధన్ శక్కర్‌నగర్‌లో 1930లలో నిజాం కాలంలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. ఒకప్పుడు చెరకు నరికిన కుటుంబాలకు ఇప్పుడు వరి నాట్లు, కోతలు. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళకు రోజూ చేతిలో ఆడే డబ్బు బీడీలదే. తొట్టెల వేడుక అయిందో లేదో బీడీలు చుట్టే చాట మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది.

బీడీల పనిని కుట్ల కోణం నుంచి చూడండి. నేల మీద బాసింపట్టు, ఒళ్ళో చాట, మెడ వంచి, వీపు కుంగదీసి గంటల తరబడి ఒకే తీరు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే చేతులకే బిడ్డను ఎత్తుకుని పాలివ్వడం వల్ల వచ్చే మణికట్టు నొప్పి కూడా తోడవుతుంది. ఆరు వారాల ముందు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. తప్పనిసరై మొదలుపెడితే కొన్ని మార్పులు చేసుకోండి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి లేదా ఎత్తు పీట మీద కూర్చోండి. చాటను దిండు మీద పెట్టి ఎత్తుకు తెచ్చుకోండి. అరగంటకోసారి లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. మొదట గంటతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. తంబాకు దుమ్ము ఉన్న గదిలో బిడ్డను పడుకోబెట్టొద్దు. పాలిచ్చే ముందు చేతులు కడిగి, పైన కప్పుకున్న బట్ట మార్చుకోండి.

నాటుకు వంగడం, గడ్డి మోపు ఎత్తడం ఆపరేషన్ అయినవాళ్ళకు ఇంకా ఆలస్యంగా, డాక్టరు చూసి సరేనన్నాకే.

భార్యాభర్తల కలయికకూ తేదీ ఏమీ రాసి పెట్టి లేదు. మైల ఆగి, కుట్లు మాని, మీకు ఇష్టం కలిగినప్పుడే. పాలిచ్చే రోజుల్లో పొడిబారడం వల్ల నొప్పి ఉండవచ్చు, దానికి జెల్ దొరుకుతుంది. నెలసరి రాకముందే గర్భం రావచ్చు గనక కుటుంబ నియంత్రణ గురించి ముందే మాట్లాడుకోండి.

ఎలా చెప్పాలి

"నొస్తుంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నాలుగు ముక్కలుగా చెప్పండి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది, నిన్నటి కంటే ఎక్కువా తక్కువా. "కింది కుట్ల దగ్గర, ఎడమ పక్క, రెండు రోజుల నుంచి, కూర్చుంటే పొడుస్తుంది, నిన్నటి కంటే ఎక్కువైంది" అన్న మాట వింటే నర్సమ్మ లేచి వచ్చి చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి ముక్క. మానుతున్న నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. తగ్గుతూ వచ్చింది మళ్ళీ పెరిగితే, అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు.

చెప్పడానికి రోజులు కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో మామూలు కాన్పైన బిడ్డను చూడడానికి ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె బిడ్డను తూకం వేస్తున్నప్పుడు మీ మాటా చెప్పండి. "అక్కా, నా కుట్లు గూడ జర జూడు" అంటే ఆమె కాదనదు. తల్లిగారిల్లు వేరే ఊరైతే, అక్కడి ఆశకు మీరు వచ్చిన సంగతి ముందే తెలియజేయండి. ఆరో వారం ఆసుపత్రికి వెళ్ళడం మానకండి. అప్పుడు చాలామంది బిడ్డ టీకాకు మాత్రమే వెళ్ళి వచ్చేస్తారు. మీ పరీక్ష కూడా చేయించుకోండి.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా రోజుల లెక్క చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, 108కి ఫోన్ చేయాలి:

- గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, నిమ్మకాయంత గడ్డలు పడటం
- 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, మైలకు దుర్వాసన
- కుట్లు విడిపోవడం, చీము, చుట్టూ ఎర్రబడి వేడెక్కడం
- విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఫిట్స్
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం

మనసు సంగతి కూడా ఇందులోదే. మొదటి పది రోజులు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరిగేదే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టే వీలున్నా పట్టకపోతే డాక్టరుతో మాట్లాడండి. 14416 టెలిమానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే బాలింతను ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు తీసుకెళ్ళాలి.

ఈ వారం చేయాల్సిన పని

ఒక కాగితం తీసుకుని రెండు గీతలు గీసి మూడు వరుసలు చేయండి. మొదటి దాంట్లో తేదీ, రెండో దాంట్లో నొప్పి ఎక్కడ, మూడో దాంట్లో సున్నా నుంచి పది దాకా ఎంత. రోజూ సాయంత్రం ఒక్క నిమిషం పని. మీరు రాయలేకపోతే చెల్లెలో, తమ్ముడో రాస్తారు. కాగితాన్ని బిడ్డ టీకాల కార్డుతో పాటే పెట్టండి. అంకె వరుసగా రెండు రోజులు పెరిగితే ఆ కాగితమే తీసుకుని ఆసుపత్రికి బయలుదేరండి.

ఇంట్లోవాళ్ళకు ఒక్క పనే. భర్త ఫోన్ చేసినా, అత్త చూడడానికి వచ్చినా, బిడ్డ సంగతి అడిగే ముందు "నీ నొప్పి ఇయ్యాల ఎంత?" అని అడగాలి. జవాబు విన్నాక "మేం కనలేదా" అనకుండా, ఆ రోజు బిందె మోసే పని ఒకరు, బట్టలుతికే పని ఒకరు అందుకోవాలి.